పనికి పోవుటకు మరియొక సైకిలు

సంఘ సభ్యులలో మోటారు బండ్లు కొన్నవారు నానాటికి పెరుగుచున్నను, సైకిలు త్రొక్కి పనికి పోవువారు ఇంకను లేకపోలేదు. వేకువనే పాలక్యాను తగిలించుకొని పాలకేంద్రమునకు పోవువారు, నాట్లకును కోతలకును పొరుగూళ్లకు పోవువారు, రైసుమిల్లులలోను ఇటుకబట్టీలలోను పనిచేయువారు, నావలె చిన్న కమతము చేసికొనుచు వేఱొక కొలువుపై గూడ నాధారపడినవారు, వీరందఱకును సైకిలే కాళ్లు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, సుడులు చూచి, నడిపించి చూచి, నలుగురి నడిగి బేరమాడు మనము సైకిలు కొనునపుడు మాత్రము రంగు చూచి డబ్బిచ్చుచున్నాము. ఈ మాట ఇతరులను గూర్చి చెప్పుట లేదు. నేను గూడ మొన్నమొన్నటి వఱకు నట్టివాడనే.

నేను గోదావరి తూర్పు డెల్టాలో నొక గ్రామమున రెండెకరముల వరి చేయుచు, తొమ్మిది కిలోమీటర్ల దూరమున నున్న సహకార సంఘములో గుమాస్తాగా నున్నాను. దారిలో ఐదు కిలోమీటర్లు కాలువగట్టు, తక్కిన నాలుగు తారురోడ్డు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట పారిన ఈ కాలువల గట్లమీద పడవలు లాగువారు నడచిరి గాని, వీనిపై సైకిళ్లు పోవునని ఆనాడెవ్వరును తలచియుండరు. ఆ సంగతి నా నడుమునకు దినమునకు రెండుసారులు తెలియుచుండును. సంఘపు గోదాము తాళపుచెవులు రెండు జతలు గలవు. ఒక జత కార్యదర్శిగారియొద్ద నుండును, రెండవ జత నాయొద్ద నుండును. ఈ వ్యాసమునకు కారణ మా రెండవ జతయే.

2025వ సంవత్సరము శ్రావణమాసమున యూరియాకై రైతులు తెల్లవాఱకముందే వరుసలు కట్టిన దినములు చాలమందికి జ్ఞాపకముండును. అట్టి దినములలో నొకనాడు కార్యదర్శిగారు పనిమీద జిల్లా కేంద్రమునకు పోయియుండిరి. ముందటి రాత్రియే బస్తాలు దిగినవి. నేను ఎనిమిది గంటలకు తలుపు తీయవలసియుండెను. గట్టుమీద సగము దూరము వచ్చునప్పటికి చిన్న గుంతలో ముందుచక్రము దిగినది. ఫటేలుమని చప్పుడైనది. మరుక్షణమున హాండిలు నా చేతిలో నున్నది గాని దానిక్రింద చక్రము లేదు. ముందు ఫోర్కు మెడయొద్ద విఱిగిపోయినది. దైవికముగా కాలువ వైపునకు గాక చేల వైపునకు పడితిని. కుడిచేతి మణికట్టు వాచిపోయినది. సైకిలును తుమ్మచెట్టుక్రింద వదలి, నడచి, తారురోడ్డుపై నెవరో దయతలచి బండి నెక్కించుకొనగా పది గంటలు దాటిన పిమ్మట సంఘమును చేరితిని. అప్పటికి వరుసలో నున్న ముసలివారు కొందఱు విసిగి యిండ్లకు పోయిరి. తక్కినవారు నా చేయి చూచి యొక్కమాటయైన ననలేదు. అనియుండిన నాకంత సిగ్గు గలిగియుండెడిది కాదు.

ఏలయన, తప్పు నాదే. ఆ సైకిలు పదునెనిమిది సంవత్సరములు నన్ను మోసినది. పడుటకు పదిదినముల ముందునుండియు బ్రేకు వేసినపుడెల్ల మెడయొద్ద కిఱ్ఱుమని శబ్దము చేయుచునే యున్నది. ఫోర్కు తలకట్టుక్రింద వెండ్రుకంత సన్నని గీత యొకటి రంగులో కనబడినది. రంగు పెచ్చులూడుచున్న దనుకొని యూరకుంటిని. ఇనుము విఱుగుటకు ముందు దానిపై రంగు పగులును. పగులు వెంబడి త్రుప్పునీరు గోధుమరంగు చారవలె దిగును. సైకిలు గల ప్రతివారును నెలకొకసారి గుడ్డతో దుమ్ము తుడిచి మూడు చోట్ల చూచుకొనవలయును. ముందు ఫోర్కు తలకట్టు నొకటి, హాండిలు క్రింది గొట్టమునకు అడ్డగొట్టములు కలియు చోటు రెండవది, పెడళ్ల ఇరుసు పెట్టెకు వెనుక గొట్టము లతికిన చోటు మూడవది. ఈ మూడింటిలో ఎక్కడ గీత కనబడినను ఆ సైకిలు నెక్కరాదు.

మా యూరి మరమ్మతు అంగడిలో నున్న పెద్దాయన నాకు వరుసకు మామ యగును. విఱిగిన సైకిలును తలక్రిందులు చేసి చాలసేపు చూచెను. "వెల్డింగు పెట్టించిన నడచునా, మామా?" అని యడిగితిని. "నడచును అల్లుడూ, మరల విఱుగు వఱకు నడచును. ఈమాఱు కాలువ ఏ ప్రక్క నుండునో నేను చెప్పలేను" అనెను. ఫోర్కునకు వెల్డింగు పనికిరాదు. కాల్చి అతికిన చోటి ప్రక్కన ఇనుము బలము తగ్గును. పైగా మనిషి బరువును, గుంతల దెబ్బయు, బ్రేకు లాగుడును అన్నియు ఆ మెడమీదనే పడును. క్రొత్త ఫోర్కు వేయుట యొక్కటే మార్గము. అయితే ఆయన అంతటితో నాపలేదు. ఒక పురికొస తెచ్చి వెనుకచక్రపు ఇరుసు పట్టు చీలిక యొకదానికి కట్టి, ముందు గొట్టమును చుట్టి, రెండవ చీలికకు బిగించెను. సీటు క్రింది గొట్టమునకు కుడివైపున కొసకు నడుమ ఎడమెంతో, ఎడమవైపున గూడ నంతే యుండవలయును. నా సైకిలునకు ఒకవైపున దాదాపు అరంగుళము తేడా యున్నది. అనగా ఫ్రేమే వంగిపోయినది. సంవత్సరముల తరబడి ఒకవైపు సంచి తగిలించుకొని తిరిగిన ఫలితమో, పూర్వ మెప్పుడో పడిన ఫలితమో తెలియదు.

ఇక లెక్క వేసికొంటిమి. ఫోర్కు, వెనుక రిమ్ము, గొలుసు, ఫ్రీవీలు, టైర్లు రెండు, కూలి కలిపి క్రొత్త సైకిలు వెలలో సగమునకు మించుచున్నది. అంత పెట్టినను ఫ్రేము వంకర పోదు. ఇక్కడ నా యభిప్రాయము స్పష్టముగా చెప్పెదను. ఫ్రేము తిన్నగా నున్నంతకాలము సైకిలునకు ముసలితనము లేదు. చక్రములు మార్చుకొనవచ్చును, గొలుసు మార్చుకొనవచ్చును, అన్నియు నంగడిలో దొరకును. ఫ్రేము పోయినచో మాత్రము దానిమీద పెట్టు ప్రతి రూపాయియు పుచ్చిన దూలమునకు పెంకులు నేయుటయే.

మణికట్టు నయమగుటకు నెలపైగా పట్టినది. ఆ నెలరోజులును షేరు ఆటోలలో పోయి, వానికై కాచుకొని, రెండుసారులు ఆలస్యమై, ఒకసారి కార్యదర్శిగారిచే మాట పడితిని. ఇంటిలో ఆలోచనలు సాగినవి. మా యింటిది పెట్రోలు బండి కొనుమన్నది. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. కాని రానుపోను దినమునకు పదునెనిమిది కిలోమీటర్లు, నెలకు ఇరువదియారు దినములు, మొత్తము 468 కిలోమీటర్లు. లీటరునకు ఏబది కిలోమీటర్లు వచ్చిన ననుకొన్నను తొమ్మిది లీటర్లు దాటును. లీటరు నూఱు రూపాయలకు మించిన ఈ కాలమున నెలకు తొమ్మిదివందలకు పైమాటయే గాని తక్కువ గాదు. ఏడెనిమిది నెలల పెట్రోలు డబ్బులతో మంచి సైకి లొకటి వచ్చును. భీమా, మరమ్మతులు, బండి వెల వేఱు. లెక్క వ్రాసి చూపగా ఆమె, "ఈసారి పడకుండు దానిని కొనుడు" అని యొకటే షరతు పెట్టినది.

కళాశాలలో చదువు మావాడు గేర్ల సైకిలు కొనుమని పట్టుపట్టి నాతోగూడ పట్టణమునకు వచ్చెను. మొదటి దుకాణము అద్దములతో మెఱయుచున్నది. అందులోని యువకుడు మమ్ము చూచినంతనే ఇరువదియొక్క గేర్లు, రెండు చక్రములకును డిస్కు బ్రేకులు, ముందు ఫోర్కులో స్ప్రింగులు గల యొక సైకిలును బయటకు తెచ్చెను. చూడముచ్చటగా నున్నది. త్రొక్కి చూచితిని. పెడలు నొక్కినపుడెల్ల ముందు స్ప్రింగులు క్రిందికి పైకి ఊగుచున్నవి. ఖరీదైన వానిలో ఈ స్ప్రింగులను బిగించి యుంచుటకు ఏర్పాటుండును గాని చౌక సైకిళ్లలోని స్ప్రింగులు బరువును పెంచి, మన బలమును కొంత తిని, నాలుగు వానలకు లోపల త్రుప్పుపట్టి బిగిసికొనుట కెక్కువగా పనికివచ్చును. మడ్గార్డులు లేవు. క్యారియరు లేదు. స్టాండు చిటికెనవ్రేలంత యున్నది. వీనికి వేఱుగా వెల. నేను నా సంఘపు పుస్తకములను, తిరుగు ప్రయాణమున తవుడు సంచిని ఎక్కడ పెట్టుకొనవలయునని యడుగగా ఆ యువకుడు, "వీపున సంచి వేసికొనుడు సారూ" అనెను. తవుడు సంచిని!

గేర్లను నేను తీసివేయుట లేదు. కొండదారులలో, ఎత్తుపల్లములు గల తెలంగాణ రాయలసీమ మెట్టదారులలో నవి గొప్ప మేలు చేయును. మా డెల్టాలో ఎత్తు లేదు, ఎదురుగాలి మాత్రమున్నది. గేర్లు మార్చు సన్నని యంత్రము గొలుసు ప్రక్కనే వ్రేలాడును. సైకిలు ఒకసారి పడినచో అది వంగి గొలుసు చువ్వలలో పడును. గొలుసు కూడ సన్ననిది. మన సాధారణ సైకిలునకు అంగుళములో ఎనిమిదవ వంతు వెడల్పు గల గొలుసు నడచును, అది యే పల్లెటూరి యంగడిలోనైనను దొరకును. మా మామయొద్ద గేర్ల సైకిలు గొలుసు లేదు, డిస్కు బ్రేకునకు మందపు బిళ్లలు లేవు. ఆ సైకిలు చెడిన ప్రతిసారియు నేను పట్టణమునకు పోవలసియుండును. పట్టణమునకు దేనిమీద పోవుదును?

ఇంకొక చిక్కు చాలమందికి తెలియదు గావున చెప్పవలసియున్నది. ఇరువదియాఱు అంగుళముల చక్రమని చెప్పునవి యన్నియు నొకటి కావు. టైరుమీద 26×1⅜ అని యున్నదానికిని, 26×2.1 అని యున్నదానికిని రిమ్ములే వేఱు. మొదటిదాని రిమ్ముపై టైరు కూర్చుండు చోట అడ్డుకొలత 590 మిల్లీమీటర్లు, రెండవదానికి 559. ఒకదాని టైరు రెండవదానికి పట్టదు. మన పెద్ద సైకిళ్ల 28×1½ చక్రమునకు 635. పట్టణములలో 700సి యని పిలుచు సన్నచక్రమునకును, 29 అని పిలుచు లావుచక్రమునకును 622. ఈ మిల్లీమీటర్ల అంకె టైరు ప్రక్కన అచ్చువేసి యుండును. టైరు కొనబోవునపుడు "ఇరువదియాఱు" అని నోటితో చెప్పక ఆ అంకెను కాగితముమీద వ్రాసికొని పోయినచో వృథాప్రయాణములు తప్పును.

మన తాతల నాటినుండి వచ్చుచున్న ఈ పెద్ద నల్ల సైకిలు పుట్టుక ఇంగ్లండులోనిది. రెండు సమాన చక్రములును, వెనుకచక్రమునకు గొలుసును గల రూపమును 1885లో స్టార్లీ యను నాతడు రోవరు అను పేర ప్రచారమునకు తెచ్చెను. గాలి నింపిన టైరు 1888లో డన్లపు చేసినది. బర్మింగుహాము, నాటింగుహాము నగరములనుండి ఓడలపై దిగినవే చాలకాలము మన దేశమున తిరిగినవి. పిమ్మట మద్రాసులో టి.ఐ. సైకిల్సు 1949లోను, సోనీపతులో అట్లాసు 1951లోను, లుధియానాలో హీరో 1956లోను ఏర్పడినవి. అట్లాసువారి చివరి కర్మాగారము 2020 జూను 3వ తేదీన, ప్రపంచ సైకిలు దినమునాడే, పని నిలిపివేసినది. అయినను ఆ సైకిళ్లు గలవారెవ్వరును వానిని పాఱవేయలేదు. ఏలయన ఈ పెద్ద సైకిలులో ఒక కంపెనీ పెడలు మరియొక కంపెనీ దానికి సరిపోవును. రిమ్ము, ఇరుసు, గోళీలు, చైను, ఫ్రీవీలు అన్నియు నంతే. చేసినవాడు దుకాణము మూసినను సైకిలు నడచును. పనికి పోవు మనిషికి ఇంతకంటె పెద్ద గుణము మరియొకటి నాకు తోచదు.

నా నిశ్చయము ఇట్లు కుదిరినది. ఏది యెంత గొప్పదని గాక, నేను పోవు దారిలో, నేను వేయు బరువుతో, నా ఇంటికి దగ్గఱనున్న అంగడిలో ఏది బాగగునని చూచి కొనవలయునని. మా మామ నడిగితిని. ఆయనయొద్ద నున్న డబ్బాలను తెఱచి ఏ సామాను లెప్పుడు నుంచునో చూపించెను. ఆ డబ్బాలే నాకు కొనుగోలు పట్టిక యయినవి.

సెకండుహాండు సైకిళ్లు రెండు చూచితిని. ఒకటి పురికొస పరీక్షలో నిలువలేదు. రెండవది చక్కగా నున్నది, వెల చౌక. కాని పెడళ్ల ఇరుసు పెట్టె అడుగున నుండవలసిన నెంబరును ఆకురాతితో గీచివేసిరి. రసీదు లేదు. అమ్మువాడు తన బావమఱది దని చెప్పెను. నెంబరు గీచిన సైకిలును ఊరక యిచ్చినను తీసికొనరాదు. మీ సైకిలు నెంబరు మీకు తెలియునా? తెలియనిచో నీవేళనే తలక్రిందులు చేసి చూచి ఇంటి పద్దుపుస్తకములో వ్రాసికొనుడు. పోయినపుడు పోలీసువారు మొదట నడుగున దదియే.

విద్యుత్తు సైకిలును గూర్చి గూడ కొందఱు చెప్పిరి. మోటారు బలము 250 వాట్లకు మించక, వేగము గంటకు 25 కిలోమీటర్లకు లోబడి యుండు నియమిత రకములకు రిజిస్ట్రేషను గాని లైసెన్సు గాని అక్కఱలేదు. మోకాళ్లు నొచ్చు పెద్దలకు, దూరము ఎక్కువగా నున్నవారికి నది యాలోచింపదగినదే. కాని కొనుటకు ముందు బ్యాటరీ యొక్కటే మార్చవలసి వచ్చినపుడు ఎంతగునో, అది యెవరు తెచ్చి యిత్తురో వ్రాతమూలముగా తెలిసికొనుడు. నాకు జవాబు చెప్పినవారు లేరు గావున నేనా జోలికి పోలేదు.

చివరకు పట్టణములో పాతబజారున నొక చిన్న దుకాణములో నల్లని పెద్ద సైకిలును బేరమాడితిని. అక్కడ నొక చిక్కు వచ్చినది. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి సైకిళ్లపై జి.యస్.టి. 12 శాతమునుండి 5 శాతమునకు తగ్గినది. నేను పోయినది అక్టోబరులో. దుకాణదారు పాత వెలయే చెప్పి, బిల్లు లేకుండ నూఱు రూపాయలు తగ్గింతుననెను. పన్ను గాక ఆఱువేల రూపాయల సరుకునకు పూర్వము 6,720 అగును, ఇప్పుడు 6,300 అగును, తేడా 420. నూఱు తగ్గించెద నన్న మనుష్యుడు నా సొమ్ము మూడువందల యిరువది తనయొద్ద నుంచుకొనుచున్నాడన్నమాట. పద్దులు వ్రాయుటయే వృత్తిగా గల నేను కాగితముమీద వేసి చూపితిని. ఆయన నవ్వి బిల్లు వ్రాసెను. బిల్లుపై సైకిలు నెంబరు కూడ వ్రాయించితిని.

కొలతల విషయము. ఫ్రేములు సాధారణముగా 20, 22, 24 అంగుళములవి దొరకును. దుకాణములో ఏది యుండిన నదియే మనకు సరిపోవునని చెప్పుదురు. సైకిలునకు అడ్డముగా కాళ్లు రెండువైపుల వేసి, చదునైన నేలపై పాదములు పూర్తిగా నానించి నిలువుడు. పై గొట్టమునకును మన దేహమునకును నడుమ అంగుళము రెండంగుళములైన ఖాళీ యుండవలయును. లేనిచో గతుకులో దిగినపుడు పశ్చాత్తాపము గలుగును. పిమ్మట సీటుపై కూర్చుండి మడమను క్రిందనున్న పెడలుపై నుంచుడు. కాలు తిన్నగా చాగవలయును. త్రొక్కునపుడు ముందుపాదము పెడలుపై నుండును గావున మోకాలు కొంచెము వంగి నొప్పి పుట్టదు. మన పల్లెలలో సీటు మిక్కిలి దించి, మోకాళ్లు ప్రక్కలకు పెట్టి త్రొక్కుట వాడుక. ఆఱుపదులు రాకముందే మోకాళ్లు పోవుటకు ఇదియు నొక కారణమని నేననుకొందును. ఆడువారు చీరతో ఎక్కుటకు పై గొట్టము లేని రకము మేలు. పాలక్యానులు మోయువారికి గొట్టము గలదే గట్టి.

దుకాణమున సైకిలు పెట్టెలో విడివిడిగా వచ్చును. కుఱ్ఱవాడొకడు అరగంటలో బిగించి యిచ్చును. ఇక్కడనే తొందరపాటు జరుగును. నేను రెండు గంటలు కూర్చుండి చూచితిని. చక్రమును ఎత్తి త్రిప్పి రిమ్ము ప్రక్కన సుద్దముక్క నుంచితిని. ఒకచోట మాత్రమే సుద్ద అంటినచో చక్రమునకు బెండున్నట్లు. వెనుకచక్రమునకు నున్నది, తీయించితిని. రిమ్మును ఫోర్కునొద్ద పట్టుకొని ప్రక్కలకు కదపితిని. టకటకమన్నచో కోనులు వదులు. చక్రము తిరుగుట కష్టమైనచో బిగువు. రెంటివలనను గోళీలు త్వరలో నలిగిపోవును. ఇరుసులు విప్పించి చూడగా లోపల గ్రీజు పేరునకు మాత్రమే యున్నది. ఇంటినుండి డబ్బాతో తీసికొని పోయిన గ్రీజు పెట్టించితిని. కుఱ్ఱవాడు కొంత విసిగికొన్నను టీ త్రాగించిన పిమ్మట శ్రద్ధగా చేసెను. ఇతడు చేసిన పనియే నా క్షేమము గదా.

ఒకటి రెండు మార్పులు గూడ చేయించితిని. నా సైకిలునకు ముందు పండ్లచక్రమునకు 44 పండ్లు, వెనుక ఫ్రీవీలునకు 18. పెడలు ఒక చుట్టు తిరిగిన సైకిలు సుమారు ఐదున్నర మీటర్లు పోవును. తారురోడ్డుపై ఇది బాగున్నది గాని గట్టుమీద బరువుతో, ఎదురుగాలిలో తొడలు పీకును. ఫ్రీవీలు మార్చి 20 పండ్లది వేయించితిని. ఇప్పుడు చుట్టునకు ఐదు మీటర్లకు కొంచెము తక్కువ పోవును, త్రొక్కుట తేలిక. ఇరువదియొక్క గేర్ల లాభములో నాకు కావలసిన భాగ మీ చిన్న చక్రముతోనే వచ్చినది. గేర్ల పక్షమున వాదించిన మావాడు కూడ గట్టుమీద త్రొక్కి చూచి ఊరకుండెను.

బ్రేకుల విషయమున మాత్రము పెద్ద సైకిలును నేను పొగడలేను. ఇనుప రిమ్ము తడిసినపుడు రబ్బరు ముక్క జాఱును. వానలో సైకిలు ఆగుటకు రెట్టింపునకు మించిన దూరము పట్టుట నేనే కొలిచి చూచితిని. అల్యూమినియము రిమ్ములు తడిలో ఇంతకంటె బాగుగా పట్టును. దొరికినచో, చేతిలో డబ్బున్నచో, అవి మేలు. లేనివారు వానలో మలుపునకు చాల ముందుగానే బ్రేకును మెల్లగా నొక్కి, రిమ్ముమీది నీటిని తుడిచిన పిమ్మట గట్టిగా పట్టవలయును. వెనుకదానిని మొదట, ముందుదానిని పిమ్మట. మడ్గార్డునకు టైరునకు నడుమ రెండు వ్రేళ్లు పట్టునంత సందుండవలయును. మా నల్లరేగడి బంక అందులో చేరినచో చక్రము తిరుగదు. అట్టిదినములలో ఎంత మంచి సైకిలైనను నడిపించుకొని పోవలసినదే.

క్రొత్త సైకిలు కొన్న నెలనాళ్లకు ఒకసారి అంగడిలో చూపుట చాలమంది మఱచుదురు. చువ్వలు మొదట సర్దుకొని వదులగును. వెంటనే బిగించినచో చక్రము నిలుచును, ఆలస్యమైనచో ఒక్కొక్కటిగా తెగును. పెడలు కాడలను పట్టు కాటరు పిన్నులు గూడ వదులగును. టకటకమను శబ్దముతో నెలలు త్రొక్కినచో పిన్నుతోపాటు కాడ గూడ అరిగి చెడును. గొలుసును కొలుచుట కొక సులభమైన యుపాయ మున్నది. సాగని గొలుసులో ఇరువదినాలుగు లంకెలు సరిగా పండ్రెండంగుళములు. బడిపిల్లల స్కేలు పెట్టి మేకునుండి మేకునకు చూడుడు. పండ్రెండుమీద ఎనిమిదవ వంతు పెరిగినచో గొలుసు మార్చవలయును. మార్చకున్నచో అది పండ్లచక్రములను గూడ తినివేయును, ఖర్చు మూడింతలగును.

దీపము సంగతి. మా తండ్రిగారి దినములలో సైకిలునకు పన్ను కట్టి బిళ్ల తగిలించుకొనవలసియుండెను, చీకటిలో దీపము లేనిచో పోలీసువారు పట్టుకొనుచుండిరి. ఇప్పుడడుగువారు లేరు. కాని అప్పుడు రోడ్లపై లారీలు, కార్లు ఇంత వేగముగా తిరుగలేదు. కోతల దినములలో చీకటిపడిన పిమ్మట వచ్చువారు వెనుక ఎఱ్ఱని మెఱుపుబిళ్లయు, చిన్న ఎఱ్ఱదీపమును తప్పక పెట్టుకొనుడు. వెనుకనుండి వచ్చువానికి కనబడుటయే ముఖ్యము.

మా సంఘములో ఒక ప్రతిపాదనము చేసితిని. పాలకవర్గము వచ్చు సమావేశమున ఆలోచింతుమనిరి. సభ్యులలో సైకిళ్లు గలవారి పట్టిక వ్రాసి, 28×1½ టైర్లు, ట్యూబులు, గొలుసులు, బ్రేకురబ్బర్లు సంవత్సరమున కొకసారి టోకున తెప్పించి గోదాములో నొక మూల నుంచవలెననియు, గోదాము గోడకు గాలి కొట్టు పంపు నొకదానిని గొలుసుతో కట్టియుంచవలెననియు నా కోరిక. ఎరువులు, విత్తనములు కలిసి కొనువారమే గదా, టైర్లు కొనరాదా? పంపు మాత్రము సమావేశమునకు ముందే కార్యదర్శిగారు తెప్పించిరి.

పాత సైకిలు నుండి క్యారియరును, గంటను తీసి క్రొత్తదానికి బిగించితిని. ముందుచక్రము మా మామ తీసికొని పాలు పోయు నొకనికి వేసెను. వంకర ఫ్రేము పశువులపాక వెనుక పొట్లపాదునకు పందిరిగా నున్నది. తాళపుచెవులు నాయొద్దనే యున్నవి. ప్రతి ఉదయము సంచిలో వేసికొనుటకు ముందు చక్రము త్రిప్పి, ఫోర్కు మెడను గుడ్డతో తుడిచి చూచి బయలుదేరుచున్నాను.